ఎవరో ఒకరు కింద ఉండాలిగా

ఎత్తుగా ఉన్నది ఏది కనపడినా సరే, వీరరాఘవరావు వెంటనే చెయ్యి చాపి, "మీ చెప్పులిలా పడెయ్యండి, నేను చూసుకుంటాను. ఎవరో ఒకరు కింద ఉండాలిగా" అనేవాడు. అదీ ఆయన ప్రత్యేకత. చూస్తే ఆరడుగుల మనిషి. అశోక్‌నగర్‌లో నిలబడి తుమ్మితే చిక్కడపల్లి బజారులో కూరగాయలు బేరమాడేవాళ్ళు ఎవరో తుమ్మారని కాసేపు ఆగి మరీ బేరం సాగించేవారు. అంత మనిషీ జెయింట్ వీల్ దగ్గరికి వచ్చేసరికి చెప్పుల కాపలాదారు అయిపోయేవాడు. అందుకోసం ఇంటి దగ్గర్నుంచే ఒక పెద్ద గుడ్డసంచీ మడతపెట్టి చంకలో పెట్టుకుని వచ్చేవాడు.

ఆంధ్ర రాష్ట్రం, తెలంగాణ కలిసినప్పుడు బందరు వైపు నుంచి ఉద్యోగాలతోపాటు హైదరాబాదు చేరిన సంసారాల్లో ఆయనదీ ఒకటి. అశోక్‌నగర్‌లో ఒకే ఆవరణలో రెండు వాటాలు. ఒకదాంట్లో వీరరాఘవరావు, ఆయన భార్య సుబ్బులు. రెండోదాంట్లో జగన్నాథరావు, ఆయన భార్య కుసుమ. మగవాళ్ళిద్దరిదీ ఒకటే ఆఫీసు, ఒకటే బస్సు, ఒకటే పొడుం డబ్బీ. ఏటా జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషన్ మొదలయ్యిందంటే చాలు, వీధి వీధంతా పులిహోర క్యారియర్లు పట్టుకుని బయలుదేరేది. ఆ దండుకి నాయకుడు ధర్మారావు. సుల్తాన్ బజారులో బట్టల కొట్టు, మెలితిప్పిన మీసం, ఏ మాటైనా పదిమందికి వినపడేలా చెప్పే అలవాటు. ఆయన భార్య హైమవతి.

ఎగ్జిబిషన్‌లో వీరరాఘవరావు విన్యాసాలు చూడాలి. చెక్కబావిలో గోడమీద మోటారు సైకిలు తిప్పే ఆట ఒకటి వచ్చేది. అది చూడాలంటే మెట్లెక్కి బావి అంచున నిలబడాలి. ఆయన మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయి, పక్కనున్న జగన్నాథరావు చెయ్యి గట్టిగా పట్టుకుని, "జగన్నాథం, నాకు గుండె దడగా ఉందయ్యా. నన్నొదిలి వెళ్ళకు" అనేవాడు. జగన్నాథరావు ఒక నిట్టూర్పు విడిచి, ఏం చేస్తాం, మనవాడు కదా అన్నట్టు తల పంకించి ఆగిపోయేవాడు. ఇద్దరూ బయట నిలబడి మోటారు సైకిలు చప్పుడు వినేవాళ్ళు. పైనించి దిగినవాళ్ళకి వీరరాఘవరావే ఎదురెళ్ళి, ఆ కుర్రాడు మూడోసారి చేతులొదిలేసినప్పుడు ఎలా ఉందో చూశారా అని కళ్ళకి కట్టినట్టు వర్ణించేవాడు.

పోనీ, భూతాల కొంపకి ఎత్తు లేదు కదా అని అందులోకి రమ్మన్నారు. ఎవరో ఒకరు బయట ఉండాలిగా అన్నాడు. లోపలినించి మనిషి తిరిగి రాకపోతే పోలీసులకి చెప్పేవాడు ఎవడని అడిగాడు. అలా చెప్పేవాడికి సాక్షి కావాలని జగన్నాథరావుని పట్టుకుని నిలబడ్డాడు.

డబుల్ డెక్కర్ బస్సు వస్తే అందరూ పైకి పరుగెత్తేవారు. ఈయన మాత్రం కింద సీట్లో జగన్నాథరావుని పక్కన కూర్చోబెట్టుకుని, కింద కాస్త బరువు లేకపోతే బస్సు మూల తిరిగేటప్పుడు ఒరిగిపోతుందని కండక్టరుకి నచ్చజెప్పేవాడు. నారాయణగూడలో సినిమాకి ధర్మారావు అందరికీ బాల్కనీ టిక్కెట్లు కొన్నరోజున, తన టిక్కెట్టూ జగన్నాథరావుదీ గేటు దగ్గర ఎవరికో ఇచ్చేసి, ఇద్దరికీ కింద బెంచీ టిక్కెట్లు తెచ్చాడు. ఇంటర్వెల్లో ధర్మారావు బాల్కనీ పిట్టగోడ దగ్గర నిలబడి, పేరులో మాత్రం వీరుడు అని హాలంతా వినపడేలా అరిచాడు. వీరరాఘవరావు లేచి నిలబడి హాలందరికీ నమస్కారం పెట్టాడు.

ఇక జగన్నాథరావు సంగతి. వీధిలో ఆయనకి మహా పేరు. పాపం, స్నేహితుడి కోసం అన్ని సరదాలూ చంపుకున్న మనిషి అని ఆడవాళ్ళు చెప్పుకునేవారు. కుసుమ అయితే మరీను. "మా ఆయనకి ఎత్తంటే లెక్కే లేదు వదినా. కుర్రతనంలో బెజవాడలో రైలు వంతెన మీదినుంచి కృష్ణలోకి దూకేవారట" అని కనపడినవాళ్ళందరికీ చెప్పేది. చెప్పిన ప్రతిసారీ ఆ వంతెన ఇంకాస్త ఎత్తు పెరిగేది.

నిజం ఏమిటంటే జగన్నాథరావు కృష్ణలో దిగింది మోకాలి లోతు వరకే. అదీ పుష్కరాలప్పుడు, వాళ్ళ మేనమామ రెక్క పట్టుకుంటే. ఎత్తు అనేసరికి ఆయనకి అరికాళ్ళు జివ్వుమనేవి, నోరు ఎండిపోయేది. పెళ్ళైన కొత్తలో భార్య ముందు గొప్పకి ఒక్క అబద్ధం ఆడాడు. ఆ అబద్ధం ఇప్పుడు వీధి మొత్తానికి ఆస్తి అయిపోయింది. దాన్ని ఇన్నేళ్ళూ నిలబెట్టింది వీరరాఘవరావు పిరికితనమే. ఆ మహానుభావుడు భయపడినంత కాలం తనకేం ఢోకా లేదని జగన్నాథరావు ధీమాగా ఉండేవాడు. వీరరాఘవరావు ఆరోగ్యం కోసం దేవుడికి దణ్ణం పెట్టుకునేవాడు, ఆయన భయం కోసం కూడా.

అరవై ఏడు చివర్లో ఆ ధీమాకి ముసలం పుట్టింది. ఎగ్జిబిషన్‌కి ఇంకా నెల ఉందనగానే ధర్మారావు చిక్కడపల్లి ఇరానీ హోటల్లో చాయ్ సాసర్లో పోసుకుంటూ, ఈసారి వీరరాఘవాన్ని జెయింట్ వీల్ ఎక్కించి తీరాలని ప్రకటించాడు. అందరూ బల్ల చరిచారు. స్నేహితులన్నాక ధైర్యం చెప్పాలి కదా, ఇన్నేళ్ళూ మనం వెక్కిరించామే తప్ప ధైర్యం చెప్పామా అని ధర్మారావు కళ్ళు తుడుచుకున్నంత పని చేశాడు. తరవాత జగన్నాథరావు వీపు మీద ఒక్కటి చరిచి, "ఇందులో పెద్దపాత్ర నీదే. వంతెన మీదినుంచి దూకినవాడివి. నువ్వు చెబితే వింటాడు" అన్నాడు.

జగన్నాథరావు గొంతులో చాయ్ అడ్డం పడింది. కాదంటే అనుమానం. ఔనంటే ప్రాణగండం. ఔనన్నాడు.

ఆ రోజునుంచి రోజూ సాయంత్రం వాకిట్లో మడతకుర్చీలు వేసి జగన్నాథరావు వీరరాఘవరావుకి ధైర్యం నూరిపోశాడు. వీరరాఘవరావు బుద్ధిమంతుడైన విద్యార్థిలా వినేవాడు, మధ్యమధ్య సందేహాలు అడిగేవాడు. పైకెళ్ళాక కిందకి చూడాలా, పక్కకి చూడాలా? కడుపులో తిప్పితే ఏం చేయాలి? వంతెన మీదినుంచి దూకేటప్పుడు నువ్వేం చేసేవాడివి? జగన్నాథరావు నుదుటి చెమట తుడుచుకుంటూ తోచిన జవాబులు చెప్పేవాడు. ఆ జవాబులు తనకే ఒక్కటీ పనికొచ్చేట్టు లేవు. చివరికి వీరరాఘవరావు తలాడించి, ఎన్ని చెప్పు జగన్నాథం, నా వల్ల కాదయ్యా అనేసరికి, ఈయన ప్రాణం లేచొచ్చేది.

మాటలతో లాభం లేదని ధర్మారావు కసరత్తులోకి దిగాడు. అశోక్‌నగర్‌లోనే ఆయన కొత్త ఇల్లు కట్టిస్తున్నాడు. పాలమూరు నుంచి వచ్చిన ఆశన్న, ఆయన భార్య ఆశమ్మ, ఇంకో నలుగురు పరంజా మీద గోడ పని చేస్తున్నారు. ఒక ఆదివారం పొద్దున వీరరాఘవరావుని అక్కడికి తీసుకెళ్ళి, ఇవాళ ఆ నిచ్చెన మీద సగం దాకా ఎక్కితే చాలన్నారు. ఆశన్న పైనించి చెయ్యి చాపాడు.

"రాండ్రి సార్. జర ధైర్నం చేయుండ్రి. నేను పట్టుకుంట."

వీరరాఘవరావు నిచ్చెన మీద చెయ్యి వేశాడు. అందరూ ఊపిరి బిగబట్టారు. ఆయన తలెత్తి, "పొద్దున ఏమైనా తిన్నావా ఆశన్నా?" అన్నాడు. ఇంకా లేదని ఆశన్న అన్నాడు. ఖాళీ కడుపుతో ఉన్నవాడి చెయ్యి పట్టుకుని నేనెలా ఎక్కను, ఇద్దరం పడతామని వీరరాఘవరావు వాదన. హోటలు నుంచి ఇడ్లీలు తెప్పించాడు. ఇడ్లీలు తినడానికి ఆశన్న దిగాడు. అతని వెనక మిగతా అందరూ దిగారు. దిగినవాళ్ళందరినీ ఇటుకల మీద కూర్చోబెట్టి, ఊళ్ళో వానలెలా ఉన్నాయి, పిల్లలెంతమంది అని కబుర్లు పెట్టాడు. ఎండెక్కిపోయింది. ధర్మారావు తల పట్టుకున్నాడు.

ఆశమ్మ ఆకులో చట్నీ తుడుచుకుంటూ, "ఈ సారు పైకెక్కుడేమో గని, పైనున్న మేమందరం దిగితిమి" అంది.

ఆ రాత్రి జగన్నాథరావు హాయిగా నిద్రపోయాడు. మర్నాడు సెలవు. పొద్దున్నే పెరట్లో బట్టలారేస్తూ కుసుమ, తమ రేడియో గరగరమంటోందని, మీ ఏరియల్ ఎవరు కట్టారు వదినా అని సుబ్బుల్ని అడగడం ఆయన చెవిన పడింది.

"ఇంకెవరు, మీ అన్నయ్యే. మొన్న డాబా మీద నీళ్ళ ట్యాంకు ఎక్కి కట్టారు" అంది సుబ్బులు.

జగన్నాథరావు గదిలో కూర్చుని నవ్వుకున్నాడు. మొగుడి పరువు నిలబెట్టడానికి ఆడవాళ్ళు ఎంత మాటకైనా తెగిస్తారు. ఆ విషయంలో ఆయనకి ఇంట్లోనే కావలసినంత అనుభవం ఉంది.

ఎగ్జిబిషన్ మొదలైంది. వెళ్ళే రోజు రానే వచ్చింది. ముందునాటి సాయంత్రం వాకిట్లో మామూలు పాఠం జరుగుతుండగా కుసుమ కాఫీ గ్లాసులు తెచ్చి ఇద్దరికీ ఇచ్చి, లోపలికి వెళ్ళకుండా గడప దగ్గరే నిలబడిపోయింది. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది.

"అన్నయ్యగారూ, మీరు ఈ ఒక్కసారికి ఎక్కకూడదూ?" అంది. "ఏటా నేనూ హైమవతి వదినా ఎక్కుతాం. ఆవిడా ధర్మారావుగారూ వేరే తొట్టిలో కూర్చుంటారు. నా పక్కన ఎవరో తెలియని ఆవిడ ఉంటుంది. పైకెళ్ళాక ఊరంతా దీపాలు కనపడతాయి. ఇదుగో చూడండి అని చెబుదామంటే ఈయన కింద ఉంటారు. మిమ్మల్నొదిలి రమ్మని అనలేను. మీరూ ఎక్కితే ఈయన కూడా వస్తారు కదా. ఒక్కసారి ఈయన పక్కన కూర్చుని చూడాలని ఉంది."

జగన్నాథరావుకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెళ్ళాం కోరిన కోరిక ఎంత చిన్నది. అది తీర్చలేని మొగుడు తను. అయినా ఆ సిగ్గుతోపాటే, వీరరాఘవం ఒప్పుకోడులే అన్న ఆశ కూడా లోపల కొట్టుకుంటూనే ఉంది.

వీరరాఘవరావు కాఫీ ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసు కింద పెట్టి, జగన్నాథరావుని ఓసారి ఎగాదిగా చూశాడు. ఇంతకాలం ఎప్పుడూ అలా చూడలేదు.

"సరేనమ్మా, ఎక్కుతాను. కానీ జగన్నాథం నా చెయ్యి పట్టుకోవాలి" అన్నాడు.

మర్నాడు సాయంత్రం జగన్నాథరావు పులిహోర ముట్టలేదు. ఆఫీసులో పని, కడుపులో నొప్పి, దూరపు బంధువు చావు, అన్నీ పరిశీలించాడు. ఏదీ నిలబడేలా లేదు. పైగా కుసుమ కొత్త చీర కట్టుకుంది. ఆ చీర చూశాక ఇంకేం సాకు చెప్పబుద్ధి కాలేదు. చస్తే చద్దాం అనుకుని కదిలాడు.

జెయింట్ వీల్ దగ్గర వీధి మొత్తం గుంపు కట్టింది. వీరరాఘవరావు ఎక్కుతున్నాడంటే బజ్జీల బండివాడు కూడా పొయ్యి సెగ తగ్గించి వచ్చాడు. తీరా ఎక్కబోయే ముందు పెద్ద చిక్కు వచ్చింది. చెప్పులు ఎవరు చూస్తారు? ఏళ్ళ తరబడి ఆ ఆలోచనే ఎవరికీ అవసరం పడలేదు. కింద ఉండటం చేతనైన మనిషి ఇంకొకడు ఆ గుంపులో లేడు. చివరికి వీరరాఘవరావే అందరి చెప్పులూ సంచీలో వేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని, దానితో సహా తొట్టిలో కూర్చున్నాడు. ఆయన పక్కన జగన్నాథరావు, ఆ పక్కన కుసుమ. ఎదురు సీట్లో, దగ్గరుండి ధైర్యం చెబుతానని ధర్మారావు. హైమవతి, సుబ్బులు వెనక తొట్టి ఎక్కారు.

చక్రం కదిలింది. జగన్నాథరావు కళ్ళు మూసుకున్నాడు. కడుపులో ఉన్న పేగులన్నీ కిందనే ఉండిపోయి, తను ఒక్కడే పైకి వెళ్తున్నట్టుంది. మూడుసార్లు గిర్రున తిరిగి, కింద జనాన్ని మార్చడానికి చక్రం ఆగింది. ఏ తొట్టి పైన ఆగాలో ఆ దేవుడే నిర్ణయిస్తాడు. వీళ్ళదే ఆగింది, సరిగ్గా నడినెత్తిన. గాలికి మెల్లిగా ఊగటం మొదలుపెట్టింది.

అప్పుడు ఒక కేక వినపడింది. అది తనదే అనుకున్నాడు జగన్నాథరావు. కాదు. ధర్మారావుది. కళ్ళు తెరిచి చూస్తే, ఎదురు సీట్లో ధర్మారావు రెండు కాళ్ళూ పైకి ముడుచుకుని, ఇనపకడ్డీని కావలించుకుని, తిరపతి వెంకన్న దగ్గర మొదలుపెట్టి తెలిసిన దేవుళ్ళందరినీ గొంతెత్తి పిలుస్తున్నాడు. మీసం కిందకి వాలిపోయింది. ఇన్నేళ్ళూ హైమవతి పక్కన కూర్చుని పైన చేసిన పని ఇదేనన్నమాట. ఆ మహాతల్లి ఒక్కనాడూ బయటపెట్టలేదు.

పక్కన కరకరమని చప్పుడైంది. వీరరాఘవరావు చెప్పుల సంచీని కాళ్ళ మధ్య పెట్టుకుని, జేబులోంచి వేరుశెనక్కాయల పొట్లం తీసి, తొక్కలు ఒలుచుకుని తింటున్నాడు. ఒక గింజ నోట్లో వేసుకుంటాడు, ఊరు చూస్తాడు. ఇంకొకటి వేసుకుంటాడు, ఇంకాస్త వంగి చూస్తాడు.

జగన్నాథరావుకి నీళ్ళ ట్యాంకు గుర్తొచ్చింది. ఆ వెంటనే బస్సు, సినిమాహాలు, చెక్కబావి మెట్లు వరసగా గుర్తొచ్చాయి. ఆయన గుండె దడ వచ్చిన ప్రతిచోటా తనే పక్కన ఉన్నాడు.

"వీరరాఘవం," అన్నాడు, "నీకు భయం లేదూ?"

ధర్మారావు దేవుళ్ళ గోలలో పక్కనున్న కుసుమకి వినపడే ప్రమాదం లేదు. అయినా వీరరాఘవరావు చెవి దగ్గరికి వంగాడు. అంత గొంతున్న మనిషి గుసగుసలాడటం జగన్నాథరావు మొదటిసారి విన్నాడు.

"మొదటి ఏడు చెక్కబావి దగ్గర సరదాకి నీ చెయ్యి పట్టుకున్నాను. మంచుముక్కలా ఉంది. నీ మొహం చూశాను. అవతల చెల్లెమ్మ అందరికీ వంతెన కథ చెబుతోంది. సరేలే, వీధికి ఒక పిరికివాడు చాలు, ఇద్దరెందుకు అనుకున్నాను. ఇన్నాళ్ళూ బాగానే గడిచింది. నిన్న ఆ పిల్ల అడిగిన తరవాత ఇంకా నిన్ను కిందే కూర్చోబెడితే పాపం చుట్టుకుంటుందనిపించింది."

జగన్నాథరావుకి ఏడుపు వచ్చినంత పనైంది. కానీ ఏడిస్తే తొట్టి ఊగుతుందని ఆపుకున్నాడు. ఈ మనిషి తన ఒక్కడి పరువు కోసం ఏళ్ళ తరబడి సినిమాహాళ్ళలో నమస్కారాలు పెట్టాడు, బస్సు కండక్టర్లతో వాదించాడు, వీధి నోట్లో నానాడు. తనేమో స్నేహితుడి కోసం త్యాగం చేసినవాడు అనిపించుకున్నాడు.

"ఇప్పుడేం చెయ్యను?" అన్నాడు.

"కిందకి చూడకు. అటు చూడు" అని వీరరాఘవరావు గడ్డంతో కుసుమ వైపు చూపించాడు.

అటు తిరిగాడు. కుసుమ చెయ్యి చాపి, అదుగో ఆ దీపాలు మన నారాయణగూడ వైపు, ఆ పక్కన చిక్కడపల్లి, మన ఇల్లు ఎక్కడో అక్కడే ఉంటుందని చెబుతోంది. ఆవిడ చూపించే దిక్కున ముషీరాబాదైనా ఉండొచ్చు, గోలకొండైనా ఉండొచ్చు. జగన్నాథరావు ఔను, అదే మన ఇల్లన్నాడు. కుసుమ మొహంలో ఉన్న సంతోషం చూస్తుంటే భయం పోలేదు గానీ, భయంతోనే కూర్చోగలిగాడు. ఆవిడ ఆయన చెయ్యి అందుకుంది. మంచుముక్కలా ఉన్న ఆ చేతిని రెండు చేతుల్లో పెట్టుకుని ఒక్క క్షణం మొగుడి వైపు చూసింది.

"చలికాలం కదండీ, పైన గాలి ఎక్కువ" అని, కొంగు తీసి ఆ చేతి మీద కప్పింది. ఆ తరవాత ఆవిడ ఎవరికీ వంతెన కథ చెప్పగా ఆయన వినలేదు.

కిందకి దిగాక ధర్మారావు క్షణం సేపు చక్రం గుంజ పట్టుకుని నిలబడి, మీసం మెలితిప్పుకుని, వీరరాఘవాన్ని ఎక్కించాను చూశారా అని గుంపుకి చెప్పాడు. వీరరాఘవరావు, ధర్మారావే లేకపోతే నేను బతికేవాడిని కాదు, దారి పొడుగునా దేవుళ్ళ పేర్లు చెప్పి కాపాడాడని సాక్ష్యం పలికాడు. చప్పట్లు కొట్టారు. తరవాత చెప్పులు పంచటంలో కుడీ ఎడమా మారిపోయి, కొందరు ఆ రాత్రి ఎవరి చెప్పులతోనో ఇల్లు చేరారు.

మరుసటి ఏడు ఎగ్జిబిషన్‌కి మళ్ళీ దండు కదిలింది. ధర్మారావు ముందు నడుస్తున్నాడు. గొంతు మామూలే గానీ జెయింట్ వీల్ దగ్గరపడేకొద్దీ అడుగులు చిన్నవైపోతున్నాయి. ఒకచోట ఆగి చెప్పు పట్టీ సరిచేసుకున్నాడు. ఇంకోచోట ఆగి మళ్ళీ అదే పట్టీ సరిచేసుకున్నాడు. హైమవతి మొగుడి వైపు దిగులుగా చూస్తోంది.

వీరరాఘవరావు చంకలోంచి గుడ్డసంచీ తీసి దులిపి, వచ్చి ధర్మారావు చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"నాకు మళ్ళీ గుండె దడ మొదలైందయ్యా ధర్మారావూ. పోయినేడు ఎక్కినా లాభం లేకపోయింది. నువ్వు పక్కనుంటే గానీ నాకు ధైర్యం చాలదు. వాళ్ళని ఎక్కనీ. ఎవరో ఒకరు కింద ఉండాలిగా."

ధర్మారావు ఒక నిట్టూర్పు విడిచాడు. ఏం చేస్తాం, మనవాడు కదా అన్నట్టు పదిమందికీ కనపడేలా తల పంకించి, పక్కనున్న బెంచీ మీద చతికిలబడ్డాడు. ఆ నిట్టూర్పు జగన్నాథరావుకి బాగా తెలిసినదే. తన చెప్పులు విడిచి, తనే వంగి సంచీలో పెట్టి, కుసుమతో పాటు తొట్టి ఎక్కాడు. ఎదురుగా సుబ్బులూ హైమవతీ కూర్చున్నారు.

చక్రం కదలబోతుండగా సుబ్బులు ముందుకి వంగి, "అన్నయ్యగారూ, మీ ఏరియల్ తీగ ఊడింది. ఆదివారం మా ఆయన ట్యాంకెక్కి కడతానన్నారు. ధర్మారావు అన్నయ్యగారి చెవిన మాత్రం పడనీకండి" అంది.

పడనివ్వనని జగన్నాథరావు మాటిచ్చాడు. పక్కనే ఉన్న హైమవతి కూడా మాటిచ్చింది. ఈలోగా తొట్టి నేల వదిలింది. జగన్నాథరావు కళ్ళు గట్టిగా మూసుకుని, కుసుమ కొంగు కోసం చెయ్యి చాపాడు.